ఎండుకొమ్మపై బూజు మేయు తామరపురుగు



తామరపురుగు పేరు వినని కర్షకుడు తెలుగునాట లేడు. మిరపతోటలో లేత ఆకుల అంచులు పైకి ముడుచుకొని దొన్నెలవలె కనిపించినంతనే రైతు దానిని పైముడత యనును. ఆకు క్రిందికి ముడిగినచో అది నల్లి చేసిన పని యనును. శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినితో తేల్చు విషయమును రైతు ఆకు ముడుతను బట్టియే తేల్చుచున్నాడు. ఇది సామాన్యమైన పరిజ్ఞానము కాదు.

అయితే 2021వ సంవత్సరమున ఈ పరిజ్ఞానమునకు ఒక చిక్కు వచ్చినది. గుంటూరు, ప్రకాశము, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపతోటలలో ఆకుకన్న పూవునకే ఎక్కువ చేటు కలిగి పూత రాలిపోజొచ్చెను. పూవును విప్పి చూచినచో నల్లని చిన్నపురుగులు గుంపులుగా నుండెను. రైతులు పూర్వము వాడిన మందులనే మరల మరల చల్లిరి, పురుగు లొంగలేదు. తోటలను పెరికివేసినవారును కలరు. ఆ పురుగు పాత తామరపురుగు కాదు. దాని శాస్త్రీయ నామము థ్రిప్స్ పార్విస్పైనస్. 2015లో బెంగుళూరునందు బొప్పాయిచెట్లపై ఆ జాతి భారతదేశమున ఉన్నట్లు మొదటిసారి ప్రకటింపబడెను. అది ఫలానా జాతియని చెప్పుటకు మూలాధారము, ఆస్ట్రియా దేశస్థుడగు కార్నీ యను శాస్త్రజ్ఞుడు 1922లో సయాము దేశపు పురుగులను చూచి వ్రాసిన వర్ణన. వ్రాసిననాడు దానిని చదివినవారు పదిమందియైన ఉందురో లేదో! దాదాపు నూరేండ్లకు గుంటూరు మిరపపూవులోని పురుగునకు పేరు చెప్పుటకు ఆ వ్రాత పనికి వచ్చినది.

ఒక క్రొత్త జాతిని వర్ణించుట యనగా నేమో, దానివలన నేమి కలుగునో చెప్పుటకే ఈ ప్రసంగము. కాని ఇందు ముఖ్యముగా చెప్పబడునది మిరపను తిను తామరపురుగు కాదు. లోకమున ఇంతవరకు వర్ణింపబడిన తామరపురుగుల జాతులు ఆరువేలకు పైబడియున్నవి. భారతదేశమున ఏడువందలకు పైగా కలవు. వానిలో ఇంచుమించు సగము జాతులు పచ్చని ఆకు వంక చూడనైన చూడవు. ఎండిన కొమ్మలపై, మ్రాను బెరడు క్రింద, రాలిన ఆకుల నడుమ పుట్టు బూజును మేసి కాలము గడపును. రైతునకు వీనివలన నష్టము లేదు. నష్టము లేదు గనుకనే వీనిని పట్టించుకొన్నవారు తక్కువ. పేరులేక మిగిలినవి నేటికిని ఉన్నవి.

క్రొత్త జాతి యనగానే దూరారణ్యములకు పోవలెనని తలచుట పరిపాటి. హైదరాబాదు నగరము నడుమ అమీర్‌పేట, పంజగుట్ట అను పేటలు కలవు. చదువునకో ఉద్యోగమునకో ఊరు విడిచిపోయిన యువకులకు ఆ పేర్లు సుపరిచితములు. కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు, ఒకదానిపై నొకటిగా పోవు మెట్రోరైలు దారులు, నిమ్స్ ఆసుపత్రి ముందరి జనసమ్మర్దము జ్ఞప్తికి వచ్చును. పురుగుల ప్రసంగమునకు అంతకన్న తగని తావు లేదని తోచుట సహజము. అయినను పురుగునకు పేరు తెలియకపోయిన ఏమగునో, పేరు పొరబడిన ఏమగునో తెలుపు రెండు కథలు ఆ పేటలకు ఇరుప్రక్కలనే జరిగినవి.

మొదటిది అమీర్‌పేటకు ఆనుకొనియున్న బేగంపేటలో జరిగినది. సైనికవైద్యుడగు రొనాల్డ్ రాస్ మలేరియా జ్వరమునకు దోమ కారణమేమో యని రెండేండ్లు దోమలను కోసి చూచెను. ఏమియు కనబడలేదు. ఆయన పరీక్షించినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. వానిలో మనుష్యుల మలేరియా క్రిమి పెరుగదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. దోమల భేదములను వివరించు గ్రంథమును ఆయనకు అందుబాటులో లేదు. కడకు 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల మరియొక తెగ దోమలు చేజిక్కెను. హుసేన్ ఖాన్ అను రోగిని, కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకొన నొప్పించెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపులో మలేరియా క్రిమి కణములు కనబడెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఆ విషయమును ఇంగ్లండులో ప్రకటించుచు, దోమ పేరు వ్రాయవలసినచోట ఆయన దాని రెక్కల మచ్చలను, గ్రుడ్ల ఆకారమును చెప్పి ఊరుకొనవలసి వచ్చినది. అది ఎనాఫిలిస్ తెగ దోమ. ఆ తెగకు మైగెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1818లోనే పేరు పెట్టియుండెను. పేరు పుట్టి 79 సంవత్సరములైనను, కావలసినవాని బల్లమీద పుస్తకము లేదు. గ్రంథాలయమును నడుపువారికి ఈ కష్టము వేరుగ చెప్ప నక్కరలేదు. రాస్ 1902లో నోబెల్ బహుమానము పొందెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఆయన పేరనే నిలిచియున్నది.

రెండవది వేరుసెనగ కథ. పంజగుట్ట, అమీర్‌పేటల మీదుగా కూకటిపల్లి దాటి పోవు బొంబాయి దారిలో పటాన్‌చెరువు కలదు. 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనా సంస్థ అచ్చటనే యున్నది. వేరుసెనగకు వచ్చు మొవ్వుకుళ్లు తెగులును తామరపురుగు మోయుచున్నదని అచటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1981లో ప్రకటించిన వ్యాసమున ఆ పురుగును ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ అనిరి. తరువాత నమూనాలను మరల నిశితముగా పరిశీలింపగా ప్రధానముగా మోయునది థ్రిప్స్ పామీ యని 1990 నాటికి తేలినది. తమ మాటను తామే సవరించుకొనుట ఆ శాస్త్రజ్ఞులకు తక్కువతనము కాదు, వారి పెద్దరికమే. కాని ఒక పురుగు ఎప్పుడు ఎగురును, ఏ కలుపుమొక్కపై తల దాచుకొనును అను సంగతులు మరియొక పురుగునకు చెల్లవు. పేరు పొరబడినచో దాని వెనుక వచ్చు లెక్కలన్నియు పొరబడును.

ఇక బూజు మేయు పురుగుల మాట. అమీర్‌పేట, పంజగుట్టలలో పాత ఇండ్ల ఆవరణలందును, వీథుల వెంబడిని వేప, రావి, గుల్మొహరు వంటి చెట్లు ఇంకను అచ్చటచ్చట మిగిలియున్నవి. గాలివానకు విరిగి, నేల రాలక చెట్టుననే వ్రేలాడుచున్న ఎండుకొమ్మ యుండెనేని దానికి వానాకాలమున బూజు పట్టును. బూజున్నచోట ఈ పురుగులకు తావు దొరకును. మనుష్యునకు పనికిరానిదని తోచు ఆ కొమ్మ వానికి నిండిన గాదె.

ఈ పురుగు సామాన్యముగా ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల పొడవుండును. ఆస్ట్రేలియాలో సెంటీమీటరుకు మించిన జాతియు కలదు. రెక్క సన్నని పుల్లవలె నుండి, దాని ఇరువైపుల పొడవైన వెండ్రుకలు కుచ్చువలె వ్రేలాడును. కుచ్చురెక్కల పురుగులను అర్థము వచ్చునట్లు 1836లో హాలిడే ఈ వర్గమునకు గ్రీకుమాటలతో పేరు పెట్టెను. పాదము చివర గోళ్లకు బదులు ఉబ్బి అణగు చిన్న తిత్తి యుండును. నోటి సంగతి మరింత వింత. ఎడమ దవడ మాత్రమే పెరుగును. కుడి దవడ గ్రుడ్డులోనే సమసిపోవును. అన్ని అంగములు జంటగా నుండవలెనను నియమమును ఈ పురుగు ఎందువలననో పాటింపలేదు.

బూజు మేయువానిలోనే రెండు తెగలు కలవు. ఒక తెగ బూజుపోగులకు సన్నని సూదులవంటి ముఖాంగములను గ్రుచ్చి రసము పీల్చును. ఆ సూదుల మందము మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. రెండవ తెగ సూదులు అంతకు రెండు మూడింతలు వెడల్పైనవి. ఈ తెగ శిలీంధ్రపు విత్తులను, అనగా సిద్ధబీజములను, గింజలు మ్రింగినట్లు మ్రింగును. సూక్ష్మదర్శినిలో చూచినపుడు కడుపున వరుసగా పేరుకొనియున్న ఆ బీజములు గోనెసంచిలోని సెనగలవలె కనిపించును. ఏ బూజును తిన్నదో దాని కడుపే సాక్ష్యము చెప్పును.

వీనిని పట్టుటకు పెద్ద పరికరములు వలదు. ఎండుకొమ్మ క్రింద తెల్లని పళ్లెము పట్టి చిన్న కర్రతో తట్టవలెను. దుమ్ముతోపాటు నల్లని గీతలవంటి పురుగులు, ఎర్రని చారలుగల పిల్లలు పడును. పెద్దవానిని కదలించినచో కొన్ని తేలువలె తోక ఎత్తి బెదరించును. తోక చివర కొండి లేదు, ఉత్త గొట్టమే. తడిపిన కుంచెకొనతో ఒక్కొక్కదానిని ఎత్తి, నీరు కలిపిన ఆల్కహాలుగల సీసాలో వేయవలెను. ఇంతవరకు బాలురును చేయగలరు.

తరువాతి పనికి ఓర్పు కావలెను. పురుగును సోడా క్షారములో నాననిచ్చి లోపలి కండను కరగింతురు. కొన్నిటిని మాత్రము కడుపులోని బీజములు చెడకుండ అట్లే ఉంచుదురు. పిదప క్రమక్రమముగా చిక్కని ఆల్కహాలులోనికి మార్చి, లవంగనూనెలో తేర్చి, కెనడా దేశపు ఒక చెట్టు బంకలో గాజుపలకపై పరచి, రెక్కలు, కాళ్లు, మీసములు విప్పారునట్లు సర్ది, పైన పలుచని గాజురేకు కప్పుదురు. ఆ బంక గట్టిపడుటకు వెచ్చని పెట్టెలో వారములకొలది ఉంచవలెను. తొందరపడినవాని పురుగు ప్రక్కకు ఒరిగిపోవును. అట్లు ఒరిగినదానిని మరల చక్కజేయుట కష్టము.

అప్పుడు కొలతలు మొదలగును. తల పొడవెంత, వెడల్పెంత. మీసమునందలి ఎనిమిది కణుపులలో మూడవ, నాల్గవ కణుపులపై వాసన పసిగట్టు కొమ్ములు ఎన్ని. మెడపైని వెండ్రుకల కొనలు వాడిగా నున్నవా, మొద్దుగా నున్నవా. తలలోపల ముఖాంగపు సూదులు ఒకదానికొకటి దగ్గరగా నున్నవా, ఎడముగా నున్నవా. తోకగొట్టము తల పొడవునకు ఎన్నవవంతు. ఇవన్నియు వ్రాసి, బొమ్మ గీసి, దగ్గరి జాతులతో పోల్చవలెను. పోల్చుటయే అన్నిటికన్న కష్టము. దగ్గరి జాతి నమూనా ఒకటి లండనులో నుండవచ్చును, వేరొకటి ఫ్రాంకుఫర్టులో నుండవచ్చును. దానిని చూడనిదే ఇది క్రొత్తదని చెప్పుట సాహసము.

ఈ బూజు మేయు తెగలో ఒక పెద్ద మోసము కూడ కలదు. అనేక జాతులలో మగపురుగులు ఒక్కరీతిగా నుండవు. కొన్ని భారీగా పెరిగి, ముందుకాళ్ల తొడలు ఉబ్బి, కొనయందు బలమైన పంటితో నుండును. కొన్ని ఆడుపురుగువలె సన్నగా నుండును. రెండింటికి నడుమ అన్ని పరిమాణములును కలవు. ఎలాఫ్రోత్రిప్స్ అను తెగలో పెద్దమగలు గ్రుడ్లు పెట్టు ఆడుదానికొరకు పోరాడుటను అమెరికా శాస్త్రజ్ఞులు కన్నులార చూచి వ్రాసిరి. ఆ తెగలోని ఒక జాతి ఆడుది గ్రుడ్లు పెట్టిన ఆడుపిల్లలును, పిల్లలనే నేరుగా కన్న మగపిల్లలును పుట్టుదురట! ఇట్టి కుటుంబమునుండి ఒక పెద్దమగను, ఒక చిన్నమగను మాత్రమే తెచ్చి బల్లపై పెట్టినచో, అవి రెండు జాతులనియే ఎట్టివాడైనను అనును. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు మల్లుడు, ఒకడు బక్కవాడు అయినంతమాత్రమున వారిని రెండు వంశములవారని అనవచ్చునా? పూర్వులు ఒకటి రెండు నమూనాలను చూచి పెట్టిన పేర్లు పెక్కు ఈ కారణమున తరువాత కొట్టివేయబడినవి. కావున ఒక్క పురుగు దొరికినదని సంబరపడి పేరు పెట్టరాదు. అదే కొమ్మనుండి ఆడు, మగ, పెద్ద, చిన్న అన్నిటిని సేకరించినపిమ్మటనే కలము పట్టవలెను.

ఈ మోసమును విప్పి చెప్పినవారిలో ముఖ్యుడు దక్షిణదేశీయుడే. మద్రాసు లయోలా కళాశాలలో పనిచేసిన టి. ఎన్. అనంతకృష్ణన్ (1925–2015) జీవితమంతయు తామరపురుగుల అధ్యయనమునకే వినియోగించెను. బెరడుపై, ఎండుటాకులపై జీవించు జాతులలోని మగల రూపభేదములను ఆయన వరుసగా పరిశీలించి, అవి ఒకే జాతిలోని మెట్లని నిరూపించెను. 1969లో భారతదేశపు తామరపురుగులపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1980లో సేన్‌తో కలిసి మరియొకటి. ఆయనకు ముందు కోయంబత్తూరులో టి. వి. రామకృష్ణ అయ్యరు ఈ దారి వేసెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న ఆ రోజులలో ఆయన పరిశోధనలు తెలుగు పంటలకును సంబంధించినవే. 1928లో ఆయన వెలువరించిన తామరపురుగుల గ్రంథమునుండియే తరువాతివారు మొదలుపెట్టిరి. పైముడత తెచ్చు మిరప తామరపురుగు సైతము 1919లో కోయంబత్తూరు నమూనాలను బట్టి అమెరికాలో హుడ్ అను శాస్త్రజ్ఞునిచే పేరు పొందినది. మన పొలపు పురుగునకు పేరు సముద్రము దాటి రావలసివచ్చిన కాలమది!

పేరు పెట్టుటకు కట్టుబాట్లు కలవు. లోకమునందలి జంతునామములన్నిటికి 1758లో లిన్నేయస్ వెలువరించిన గ్రంథము మొదటిమెట్టు. పేరు రెండు మాటలుగా నుండవలెను: మొదటిది ప్రజాతి, రెండవది జాతి. అంతకుముందు ఎవరును వాడియుండరాదు. ఇద్దరు ఒకే పురుగునకు వేరువేరు పేర్లు పెట్టినచో ముందు అచ్చయినది నిలుచును. వర్ణించువాడు తన పేరే పెట్టుకొనుట నియమ విరుద్ధము కాదు గాని, అట్లు చేసినవానిని చూచి తక్కినవారు నవ్వుదురు. 2000 సంవత్సరము నుండి మరియొక నిబంధన కచ్చితమైనది. ఒక్క నమూనాను మూల నమూనాగా ఎంచి, అది ఏ భాండాగారమున నుండునో వ్యాసమున ప్రకటింపవలెను. భారతదేశమున అట్టి నమూనాలను భద్రపరచు సంస్థలలో పెద్దది 1916లో స్థాపింపబడిన జంతు సర్వేక్షణ సంస్థ. దాని ప్రధాన కార్యాలయము కలకత్తాలో నున్నది. ప్రపంచమునందు ఆ పేరు ఎక్కడ వినబడినను, సందేహము వచ్చినచో ఆ ఒక్క గాజుపలకనే చూడవలెను. తాటాకు ప్రతి ఒక్కటే మిగిలిన గ్రంథమువంటిది అది.

నగరమున ఎండుకొమ్మకు ఆయువు తక్కువ. కరెంటుతీగలకు తగులునని నరుకుదురు. దారి వెడల్పునకు చెట్టునే తీయుదురు. రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టుదురు. ఇది పూర్తిగ తప్పనుట న్యాయము కాదు; విరిగిన కొమ్మ దారినబోవువాని నెత్తిమీద పడును గదా! 2017లో అమీర్‌పేటకు వచ్చిన మెట్రోరైలు వేలాదిమందికి మేలు చేయుచున్నది. కాని ఒక ఆవరణలో నిలిచియున్న ముదుసలి చెట్టుపై, మరి యెక్కడను ఎవరును చూడని పురుగు ఉండెనేని, ఆ చెట్టు పోయిననాడు అది యుండెనను సంగతియే లోకమునకు తెలియదు. వర్ణింపబడినది నశించినచో కనీసము నశించినదని చెప్పవచ్చును.

ఎండుకొమ్మల విషయమున పల్లెకే భాగ్యము హెచ్చు. దొడ్డిచుట్టునున్న కంపదడి, పందిరిపై పాతబడిన తాటాకు, పెరటిలో పేర్చిన వంటచెరకు, మామిడితోపులో చెట్టుననే ఎండిన రెమ్మలు, ఇవన్నియు ఈ పురుగుల నివాసములే. వానలు వెనుకబట్టి బూజు బాగుగ పట్టియున్న ఆశ్వయుజ, కార్తిక మాసములలో, నేలపైని ఆకులకన్న కొమ్మకే వ్రేలాడు ఎండుటాకుల గుత్తులను ముందు తట్టి చూడవలెను. పడినవానిని సీసాలో వేసిన వెంటనే చీటీ వ్రాసి సీసా లోపలనే వేయవలెను. పైన అంటించిన చీటీ ఊడిపోవును. సిరాతో వ్రాసినది ఆల్కహాలులో కరగును గనుక పెన్సిలుతోనే వ్రాయవలెను. చెట్టు పేరు, ఊరు, మండలము, జిల్లా, తేదీ, పట్టినవారి పేరు. పురుగు ఎంత అరుదైనదైనను, ఈ ఆరు లేని సీసాను వ్యవసాయ కళాశాలవారు అందుకొని ఏమియు చేయలేరు.